అమ్మ ఊపిరితిత్తిలో 1.7 సెంటీమీటర్ల గడ్డ: లోబ్ మొత్తం తీయించాలా, అందులో ఒక భాగం తీయిస్తే చాలా?

ప్రశ్న: వనస్థలిపురం అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 63 సంవత్సరాలు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఏనాడూ పొగ తాగలేదు. ఇరవై ఏళ్ల క్రితం టీబీ వచ్చి తగ్గింది కానీ, ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ మిగిలిపోయింది. ఈ ఏడాది మొదట్లో పొడి దగ్గు పట్టుకుని వదలకపోతే ఒక ఆసుపత్రిలో చూపించాము. అక్కడ ఎక్స్‌రేలో నీడ కనిపించగానే, కళ్లె పరీక్ష గాని సీటీ స్కాన్ గాని చేయకుండానే, పాత టీబీ తిరగబెట్టిందని చెప్పి మందులు మొదలుపెట్టారు. మూడున్నర నెలలు వాడినా దగ్గు తగ్గలేదు. మేమూ గట్టిగా అడగలేదు, ఆ బాధ నన్ను వదలడం లేదు.

వేరే ఆసుపత్రికి వెళ్తే సీటీలో కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో (ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగాన్ని లోబ్ అంటారట), వెనుక వైపు, 1.7 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. సూదితో ముక్క తీసి పరీక్షిస్తే అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో వెతికే పెట్ సీటీ స్కాన్‌లో ఆ గడ్డతో పాటు ఛాతీ మధ్యలో ఉన్న ఒక లింఫ్ గ్రంథి కూడా కొద్దిగా వెలిగింది. మిగిలిన శరీరంలో ఏమీ లేదు. ఊపిరి ఊదించే పరీక్షలో ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి) ఆమె వయసుకు ఉండవలసిన దానిలో 58 శాతమే వచ్చింది.

ఇద్దరు సర్జన్లను కలిశాము. పై లోబ్ మొత్తం తీసివేయడమే ప్రామాణిక చికిత్స అని, అందులో రాజీ పడకూడదని మొదటివారు చెప్పారు. గడ్డ చిన్నది, ఊపిరితిత్తి అంచున ఉంది, అమ్మగారి ఊపిరి బలం తక్కువ, కాబట్టి ఆ లోబ్‌లో వెనుక సెగ్మెంట్ ఒక్కటి తీస్తే సరిపోతుందని రెండవవారు చెప్పారు. ఇద్దరూ ఓపికగానే మాట్లాడారు, ఇద్దరి మీదా గౌరవం ఉంది, అందువల్లనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఊపిరితిత్తిని మిగల్చాలన్న ఆశతో క్యాన్సర్‌ను మిగల్చినవాళ్లం అవుతామేమో అన్నది నా భయం.

మేముండేది రెండవ అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ కూరగాయల సంచితో పైకి వస్తూ మెట్ల మలుపు దగ్గర ఆగి, గోడకు ఆనుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు నిలబడతారు. ఆయాసం మాకు తెలియకూడదని అలా చేస్తారు. ఇప్పుడున్న ఊపిరిలోంచి ఇంకెంత పోతుంది, పోయినా ఆ మెట్లు ఎక్కగలరా అన్నది తెలిసినవారు చెప్పగలరు. ఆరోగ్యశ్రీ గురించి తెలిస్తే అది కూడా దయచేసి రాయండి.

జవాబు: ఛాతీ వార్డు

నేను హైదరాబాదులోనే ఛాతీ శస్త్రచికిత్స విభాగంలో పనిచేస్తున్నాను. మీ అమ్మగారి స్కాన్ నేను చూడలేదు కాబట్టి, ఏది చేయించాలో చెప్పే హక్కు నాకు లేదు. మీ ఇద్దరు సర్జన్లు ఎందుకు విభేదించారో మాత్రం వివరించగలను, ఎందుకంటే ఆ విభేదం వాళ్లిద్దరిదే కాదు, ఈ శాస్త్రం ముప్పై ఏళ్లుగా తనలో తాను చేసుకుంటున్న వాదన.

కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, ఎడమ దానిలో రెండు ఉంటాయి. ఒక్కో లోబ్ మళ్లీ సెగ్మెంట్లుగా విడిపోతుంది. ప్రతి సెగ్మెంట్‌కూ సొంత గాలి గొట్టం, సొంత రక్తనాళం ఉంటాయి కాబట్టి, దాన్ని పక్కవాటికి నష్టం లేకుండా విడదీసి తీయవచ్చు. దీన్ని సెగ్మెంటెక్టమీ అంటాము. ఈ గీతలేవీ పట్టించుకోకుండా గడ్డ చుట్టూ త్రికోణంగా కోసి తీస్తే అది వెడ్జ్. లోబ్ మొత్తం తీస్తే లోబెక్టమీ. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ కోసం ఒక వైపు ఊపిరితిత్తిని పూర్తిగా ఒకే ఆపరేషన్‌లో తీసి రోగిని బతికించినప్పుడు, అదే పెద్ద విజయం. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అన్న నమ్మకం నుంచి ఒక్కొక్క మెట్టే దిగుతూ లోబెక్టమీ దగ్గరికి వచ్చాము.

అక్కడ ఆగిపోవడానికి కారణం 1995లో వెలువడిన ఒక అధ్యయనం. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 247 మందిని రెండు వర్గాలుగా చేసి చూస్తే, తక్కువ భాగం తీసిన వారిలో క్యాన్సర్ అదే చోట తిరిగి రావడం సుమారు మూడు రెట్లు కనిపించింది. మీ మొదటి సర్జన్ మాటకు మూలం అది, ఆయన పొరపాటు పడలేదు. అయితే ఆ రోగులకు ఆపరేషన్లు జరిగింది 1980లలో. అప్పటికి పెట్ సీటీ లేదు, ఇప్పటంత పలుచని పొరలుగా చూపే సీటీ కూడా లేదు. అప్పుడు మూడు సెంటీమీటర్ల గడ్డ అన్నదీ, ఇప్పుడు 1.7 సెంటీమీటర్ల గడ్డ అంటున్నదీ ఒకే జబ్బు అనుకోలేము.

2022లో జపాన్ వైద్యులు 1,106 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు ప్రకటించారు. రెండు సెంటీమీటర్లు మించని, అంచున ఉన్న గడ్డలకే అది పరిమితం. అయిదేళ్ల తర్వాత సెగ్మెంటెక్టమీ వర్గంలో 94.3 శాతం, లోబెక్టమీ వర్గంలో 91.1 శాతం జీవించి ఉన్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ ఛాతీలోనే క్యాన్సర్ తిరిగి రావడం సెగ్మెంటెక్టమీలో 10.5 శాతం, లోబెక్టమీలో 5.4 శాతం. అంటే తిరగబెట్టడం ఎక్కువైనా బతికినవారూ ఎక్కువే. లోబ్ పోగొట్టుకున్నవారిలో ఇతర జబ్బుల వల్ల జరిగిన మరణాలు ఎక్కువగా ఉండటమే దీనికి ముఖ్య కారణం. మిగిలిన ఊపిరి మనిషికి తర్వాతి కష్టాల్లో, మరో క్యాన్సర్ వస్తే దాని చికిత్సలో కూడా అక్కరకు వస్తుందని నేను దాన్ని అర్థం చేసుకుంటున్నాను. మరుసటి ఏడాది అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో 697 మందిపై జరిగిన అధ్యయనం వెలువడింది. జబ్బు తిరగబెట్టకుండా అయిదేళ్లు గడిపినవారు తక్కువ తీసిన వర్గంలో 63.6 శాతం, లోబ్ తీసిన వర్గంలో 64.1 శాతం. తేడా లేనట్టే. మీ రెండవ సర్జన్ ఆధారపడుతున్నది ఈ రెండింటి మీద.

ఇక ఊపిరి లెక్క. మేము స్థూలంగా వేసే లెక్క ఏమిటంటే, రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 సెగ్మెంట్లు అనుకుంటాము. కుడి పై లోబ్‌లో మూడు. 58లోంచి ఆ మూడింటి వాటా తీసేస్తే 49 వరకు మిగులుతుంది. ఒక్కటే తీస్తే 55 వరకు మిగులుతుంది. నిజాయితీగా చెప్పాలంటే తేడా మీరు ఆశించినంత పెద్దది కాదు. జపాన్ అధ్యయనంలో కూడా ఏడాది తర్వాత ఎఫ్‌ఈవీ1లో తగ్గుదల సెగ్మెంటెక్టమీ వర్గంలో 8.5 శాతం, లోబెక్టమీ వర్గంలో 12 శాతం మాత్రమే. పైగా ఆ రెండు అధ్యయనాల్లోనూ లోబెక్టమీని తట్టుకోగలవారినే తీసుకున్నారు, మీ అమ్మగారిలా ఒక పక్క మచ్చపడిన వారి గురించి అవి నేరుగా చెప్పవు. మచ్చపడిన భాగం పని చేయడం లేదనుకుంటే, మిగిలిన సెగ్మెంట్ల మీద భారం ఈ లెక్క చూపేదానికన్నా ఎక్కువే. అందుకే డీఎల్‌సీఓ అనే గాలి మార్పిడి పరీక్ష చేయించారా అని అడగండి. ఆపరేషన్ తర్వాత మిగులుతుందనుకునే ఎఫ్‌ఈవీ1 గాని డీఎల్‌సీఓ గాని 60 శాతానికి తగ్గినప్పుడు నడిపించి గాని మెట్లు ఎక్కించి గాని చూడటం మా పద్ధతి. మెట్ల మీద 22 మీటర్ల ఎత్తు ఎక్కగలిగినవారికి ఆపరేషన్ ముప్పు తక్కువగా ఉంటుంది. మెట్ల మలుపు దగ్గర ఆగే విషయం మీరు ఇక్కడ రాశారు, సర్జన్‌కు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన ముందు కూడా అమ్మగారు కుచ్చిళ్లే సర్దుకుంటారు.

అన్నిటికన్నా ముందు తేలవలసింది ఆ వెలిగిన లింఫ్ గ్రంథి. మన దగ్గర టీబీ వచ్చి తగ్గినవారి గ్రంథులు కూడా పెట్ సీటీలో వెలుగుతాయి. కాబట్టి వెలిగినంత మాత్రాన క్యాన్సర్ అనుకోకూడదు, కొద్దిగానే వెలిగిందని వదిలేయనూ కూడదు. ఎబస్ అనే పరీక్షలో గొట్టాన్ని నోటి గుండా శ్వాసనాళంలోకి పంపి, అల్ట్రాసౌండ్‌తో గ్రంథిని చూస్తూ సూదితో కణాలు తీస్తారు. అక్కడ క్యాన్సర్ ఉంటే సెగ్మెంటా లోబా అన్న చర్చే పక్కకు పోతుంది, ముందు మందుల చికిత్స గురించి మాట్లాడవలసి వస్తుంది.

జవాబు: బోయిన్‌పల్లి మాస్టారు

అమ్మా, నాది వేరే రకం ఆపరేషన్ అయినా మీ భయం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఆరేళ్ల క్రితం, నా 46వ ఏట, దగ్గితే రక్తం పడింది. కుడి పై లోబ్‌కు వెళ్లే గాలి గొట్టం మొదట్లోనే కార్సినాయిడ్ అనే, నెమ్మదిగా పెరిగే రకం గడ్డ ఉంది. అది ఉన్న చోటును బట్టి కుడి ఊపిరితిత్తి మొత్తం తీయవలసి రావచ్చని మొదట చెప్పారు. తర్వాత మరొక సర్జన్ స్లీవ్ పద్ధతి గురించి చెప్పారు. గడ్డ ఉన్న గొట్టం ముక్కను, దానితో పాటు పై లోబ్‌ను తీసివేసి, కింది లోబ్‌ల గొట్టాన్ని పైకి తెచ్చి ప్రధాన గొట్టానికి కుట్టేస్తారు. 1947లో లండన్‌లో ప్రైస్ థామస్ అనే సర్జన్ ఈ పద్ధతిని మొదటిసారి చేశారని ఆయనే చెప్పారు. అలా నాకు రెండు లోబ్‌లు దక్కాయి. ఇవాళ తరగతి గదిలో గొంతెత్తి పాఠం చెప్పగలుగుతున్నాను.

ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకని చెబుతున్నాను. పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం బయటికి వచ్చి, మంచం కింద నీళ్లున్న సీసాలోకి దిగుతుంది. దగ్గినప్పుడల్లా ఆ నీటిలో బుడగలు లేస్తాయి. బుడగలు వస్తున్నన్నాళ్లూ ఊపిరితిత్తి నుంచి గాలి లీకవుతున్నట్టే, గొట్టం తీయరు. నాకు తొమ్మిదవ రోజు దాకా తీయలేదు. రాత్రిళ్లు మా ఆవిడ సెల్‌ఫోన్ వెలుతురులో సీసా వైపే చూస్తూ కూర్చునేది. బుడగలు ఆగిన తెల్లవారుజామున నన్ను లేపి మరీ చూపించింది.

మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు, గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. దాన్ని ఆపరేషన్ తర్వాత కాదు, ఇవాళే కొని అమ్మగారి చేతికి ఇవ్వండి. నొప్పిలో నేర్చుకోవడం చాలా కష్టం. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి గట్టిగా అదుముకుంటే నొప్పి తగ్గుతుంది. ఇది నాకు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. నొప్పి మందు చాలకపోతే మొహమాటపడకుండా అడగమని అమ్మగారికి చెప్పండి. నొప్పికి భయపడి దగ్గకపోతే కళ్లె పేరుకుని న్యుమోనియా వస్తుంది.

జవాబు: చిలకలగూడ నుంచి

పై మాటలన్నీ నిజమే అయి ఉండవచ్చు. కానీ రెండో వైపు అనుభవించిన ఇల్లు మాది, అది కూడా మీరు వినాలి.

మా అన్నయ్యకు 1.9 సెంటీమీటర్ల గడ్డకు వెడ్జ్ చేశారు. చిన్న కోత, నాలుగో రోజు ఇంటికి వచ్చేశాడు, అందరం సంతోషించాము. రెండేళ్ల తర్వాత సరిగ్గా ఆ కుట్టు గీత మీదే గడ్డ మళ్లీ వచ్చింది. అప్పుడు పాత బయాప్సీ కాగితాలు తీసి రెండవ డాక్టరుకు చూపిస్తే, గడ్డకూ కోసిన అంచుకూ మధ్య ఉన్న ఆరోగ్యకరమైన భాగం నాలుగు మిల్లీమీటర్లే అని ఆయన వేలు పెట్టి చూపించారు. లింఫ్ గ్రంథులు అని ఉన్న చోట ‘పంపలేదు’ అని ఉంది. ఆ కాగితం రెండేళ్లు మా బీరువాలోనే ఉంది. మాకెవరికీ చదవడం తెలియలేదు, చదివి చెప్పవలసినవారు చెప్పలేదు. అన్నయ్య ఇప్పుడు మాత్రల మీద ఉన్నాడు.

తక్కువ తీయడం తప్పని నేను అనడం లేదు. తక్కువ తీస్తామన్నప్పుడు పని ఇంకా జాగ్రత్తగా జరగాలి, అది జరుగుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి అంటున్నాను. అంచు ఎంత ఉంచుతారు, గ్రంథులు ఎన్ని చోట్ల నుంచి తీస్తారు, ఇలాంటి ఆపరేషన్ వారు ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగండి. అడిగితే కోపగించుకునేవారైతే వేరేవారి దగ్గరికి వెళ్లండి.

జవాబు: ఛాతీ వార్డు

చిలకలగూడ వారికి జరిగినదానికి చాలా బాధగా ఉంది. ఆయన రాసింది ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైన విషయం. నేను మొదట రాసినప్పుడే దీన్ని ఇంకా గట్టిగా చెప్పి ఉండవలసింది.

గడ్డ చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్లు, లేదా గడ్డ ఎంత వెడల్పు ఉందో కనీసం అంత మేర ఆరోగ్యకరమైన భాగం వచ్చేలా కోయాలి. గడ్డ రెండు సెగ్మెంట్ల సరిహద్దు మీద ఉంటే ఒక్క సెగ్మెంట్‌తో ఆ అంచు రాదు, అప్పుడు పక్క సెగ్మెంట్ కూడా తీయాలి, లేదా లోబ్ తీయాలి. కాబట్టి 1.7 అన్న అంకె ఒక్కటే నిర్ణయించదు, ఆ 1.7 ఎక్కడ కూర్చుందో చూడాలి. సీటీ చిత్రాలతో మూడు కొలతల్లో గాలి గొట్టాలనూ రక్తనాళాలనూ గీయించి చూశారా అని మీ సర్జన్‌ను అడగండి.

సరిహద్దును ఆపరేషన్‌లో ఎలా కనిపెడతారో కూడా చెబుతాను, ఎందుకంటే బయటినుంచి చూస్తే ఊపిరితిత్తి మీద ఏ గీతా ఉండదు. ఆ సెగ్మెంట్‌కు వెళ్లే ధమనిని మూసివేసి, చేతి నరంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు ఎక్కిస్తారు. ప్రత్యేక కెమెరాలో చూస్తే మిగిలిన ఊపిరితిత్తి అంతా పచ్చగా వెలుగుతుంది, ఆ సెగ్మెంట్ ఒక్కటి నల్లగా ఉండిపోతుంది. నీళ్లు పారిన మడికీ పారని మడికీ మధ్య గట్టు ఎలా తెలుస్తుందో అలా తెలుస్తుంది. ఆ వెలుతురు కాసేపే నిలుస్తుంది, ఆ లోపల గట్టు వెంట గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత ఆ సెగ్మెంట్ మొదట్లో ఉన్న లింఫ్ గ్రంథులను తీసి వెంటనే ఫ్రోజెన్ సెక్షన్‌కు పంపాలి. మనిషి టేబుల్ మీద మత్తులో ఉండగానే ముక్కను గడ్డకట్టించి, పలుచగా కోసి, మైక్రోస్కోప్ కింద చూసి కబురు చెబుతారు. గ్రంథిలో క్యాన్సర్ కనిపించినా, అంచు చాలకపోయినా అప్పటికప్పుడు లోబెక్టమీకి మారాలి. అమెరికా అధ్యయనంలో కూడా గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని ఆపరేషన్ బల్ల మీద తేలిన తర్వాతే రోగిని ఒక వర్గంలోకి చేర్చారు. ఆ షరతును వదిలేసి, ఫలితాన్ని మాత్రం చెప్పుకోవడం న్యాయం కాదు. కాబట్టి సమ్మతి పత్రంలో ‘అవసరమైతే లోబెక్టమీ’ అని ఉంటే కంగారు పడకండి, ఉండాలి.

పాత టీబీ ఎడమ వైపు కాబట్టి కుడి వైపు ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుని ఉండకపోవచ్చు, అలా అయితే చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతి సాధ్యమే. లోపల చూశాక పెద్ద కోతకు మారవలసి వస్తే అది వైఫల్యం కాదు. తీసిన గడ్డకు ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే పరీక్ష కూడా అడగండి. పొగ తాగని మన ఆడవారి అడినోకార్సినోమాలో ఆ మార్పు తరచుగా ఉంటుంది, జబ్బు అనుకున్నదానికన్నా పెద్దదని తేలితే మాత్రల చికిత్సకు అది ఆధారం అవుతుంది.

జవాబు: రెడ్‌హిల్స్ సహాయకుడు

ఆరోగ్యశ్రీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక మాట. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర మీ ఆపరేషన్ పేరు చెప్పి, ఆ ఆసుపత్రికి ఆ చికిత్సకు అనుమతి ఉందో లేదో చేరకముందే అడగండి. అమ్మగారు ప్రభుత్వ ఉపాధ్యాయురాలిగా చేశారు కాబట్టి పింఛనుదారుల వైద్య సదుపాయం కింద కూడా అడగండి. నిమ్స్‌లో గాని, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో గాని చూపించదలిస్తే బయాప్సీ స్లైడులు, ఆ ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకులు, స్కాన్ సీడీ వెంట ఉండాలి. కాగితం నివేదిక ఒక్కటే పట్టుకుని వెళ్తే మళ్లీ తిరగవలసి వస్తుంది.

జవాబు: వనస్థలిపురం అమ్మాయి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నందుకు క్షమించండి.

ఎబస్ అయింది. గ్రంథిలో క్యాన్సర్ కణాలు లేవు, టీబీ లాంటి జబ్బుల్లో కనిపించే గ్రాన్యులోమాలు అనే కణాల ముద్దలు ఉన్నాయి, టీబీ పరీక్ష కూడా నెగెటివ్ వచ్చింది. పాత జబ్బు తాలూకు గుర్తేనని చెప్పారు. డీఎల్‌సీఓ 61 శాతం వచ్చింది. మెట్ల పరీక్షలో అమ్మ ఆగకుండా నాలుగు అంతస్తులు ఎక్కి, అయిదవ అంతస్తులో కూర్చుండిపోయారు. ఈసారి కుచ్చిళ్లు సర్దుకోలేదు, ‘ఇక నా వల్ల కాదు’ అని పైకే అన్నారు.

ఆ నివేదికలన్నీ పట్టుకుని మొదటి సర్జన్ దగ్గరికే మళ్లీ వెళ్లాము. చిలకలగూడ వారు రాసిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే అడిగాను. ఆయన కోపగించుకోలేదు. కంప్యూటర్ తెర మీద గాలి గొట్టాల చిత్రాన్ని తిప్పుతూ, గడ్డ వెనుక సెగ్మెంట్ మధ్యలోనే ఉందని, అన్ని వైపులా రెండు సెంటీమీటర్ల అంచు వస్తుందని స్కేలు పెట్టి చూపించారు. ఇప్పుడు ఆయన కూడా సెగ్మెంటెక్టమీకి ఒప్పుకున్నారు. ఫ్రోజెన్ సెక్షన్‌లో గ్రంథి చెడుగా వస్తే లోబ్ తీస్తానని, అందులో మాత్రం తన మాట వినాలని అన్నారు. అమ్మ నాకన్నా ముందే సరేనన్నారు. ‘ఉన్నది కాపాడుకుందాం, లేకపోతే తీసేయండి, మధ్యలో మాత్రం వదలకండి’ అని సంతకం పెట్టారు.

మూడు బంతుల పరికరం కొన్నాము. మొదటి రోజు ఒక్క బంతి లేచింది. నిన్న సాయంత్రం రెండు బంతులు పైకి లేచి, అమ్మ వేళ్లతో నాలుగు లెక్కపెట్టేదాకా అక్కడే నిలిచాయి. ఆపరేషన్ వచ్చే బుధవారం ఉదయం. గ్రంథుల కబురు రాగానే ఇక్కడ రాస్తాను.